తాలును గింజయు: కచ్చేరి తపాలు మొదలు ఈమెయిలు దాక



కళ్లములో తూర్పారబట్టుట మనకు క్రొత్త విద్య గాదు. గాలివాలు చూచి చేట యెత్తి ధాన్యమును జారవిడిచినచో తాలు దూరముగా పోవును, గింజ కాళ్లయొద్ద పడును. గాలి మిక్కిలి విసరునపుడు తెలిసిన రైతు చేట దించును. ఏలయన తాలుతోడ గట్టి గింజయు కొట్టుకొనిపోవును. నేడు నేను చెప్పబూనినది ధాన్యమును గూర్చి గాదు, జాబులను గూర్చి. కార్యాలయములకు వచ్చు జాబులలో అక్కఱలేనివానిని వేఱుచేయు పని ఎట్లు మొదలై, ఎట్లు మాఱి, నేటి ఈమెయిలు పెట్టెదాక వచ్చెనో ఆ చరిత్రమును విన్నవించెదను.

“ఇది గుమాస్తాల గొడవ, మాకేల?” యని మీరడుగవచ్చును. పూర్వము మన అర్జీ చేతికాగితముగా కరణము ద్వారానో, తపాలు ద్వారానో పోయెడిది. 1984 లో కరణము మునసబుల వ్యవస్థ రద్దయ్యెను. 2019 అక్టోబరు 2 న గ్రామ సచివాలయములు వెలసెను. నేడు పింఛను సంగతియు, భూమి సంగతియు, కొండమీద దర్శనపు టికెట్టు సంగతియు కంప్యూటరు దారిని నడచుచున్నవి. ఆ దారిలో తాలు ఎంత పెరిగినదో, గింజకు అంత ప్రమాదము కలిగినది. మన జాబు గింజగా నిలుచునో తాలులో కలిసిపోవునో యనునది మన యింటి విషయమే.

మొదట వెల సంగతి చెప్పవలయును. ఏలయన ఈ కథకు మూలము వెలయే.

1801 లో కర్ణాటక నవాబు రాజ్యము ఈస్టిండియా కంపెనీ వశమైన పిదప, చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యస్థానమయ్యెను. తిరుమల దేవస్థానపు పరిపాలనము కూడ నాడు కంపెనీ చేతిలోనే యుండెను. ఉత్తరార్కాటు కలెక్టరు స్ట్రాటన్ దొర 1803 లో దేవస్థానమును గూర్చి నివేదిక వ్రాసి పంపెను. 1843 లో హాథీరాంజీ మఠపు మహంతు సేవాదాసుగారికి పరిపాలన మప్పగించువఱకును ఆ వ్యవహారము కచ్చేరి కాగితములలో భాగమై యుండెను. నాడు జాబులు మోయువారు కాలినడకను పోవు తపాలు బంట్రోతులు. దూరము పెరిగినకొలది కూలి పెరుగును. అంత వెల పెట్టి అక్కఱలేని జాబు వ్రాయు వెఱ్ఱివాడెవ్వడు?

1854 లో దేశమంతటికి ఒక్కటే ధర యేర్పడెను. తేలికపాటి ఉత్తరము అర్ధణా బిళ్లతో దేశమున ఏ మూలకైనను చేరును. బిళ్ల అంటింపని ఉత్తరము ‘బేరంగు’ ఉత్తరము. దానికి పుచ్చుకొనువాడు రెట్టింపు కూలి చెల్లింపవలయును. బేరంగు జాబు వచ్చినదనగానే మన పెద్దలు పైవ్రాత చూచి, అక్షరముల తీరు చూచి, ఇష్టములేనిచో “అక్కఱలేదు, తీసికొనిపొమ్ము” అని త్రిప్పి పంపెడివారు. చదువకయే జాబును వడపోయుట యన్నమాట. ఈ బేరంగు ఉత్తరమును జ్ఞప్తియందుంచుకొనుడు. దానితో మరల పని యున్నది.

1879 జూలై 1 న పోస్టుకార్డు వచ్చెను. వెల పావణా, అనగా ఒక కానీ. కానీకి దేశమంతట మాట పంపవచ్చుననగానే బీదసాదలకు మహోపకారము కలిగెను. దానివెంటనే తాలును బయలుదేరెను.

ఆ తాలులో మన సీమకు మిక్కిలి పరిచితమైనది గొలుసు జాబు. కొండమీది గుడిలో పాము కనబడి అర్చకునితో మాటాడినదట. ఈ సంగతిని పదునొకండుగురికి వ్రాసినవానికి ధనలాభమట. చించివేసినవానికి కీడు మూడునట. కార్డుల మీదనే కాక అచ్చు కరపత్రములుగా కూడ ఈ కథ తెలుగునాట ఊరూర తిరిగెను. ఎవరు మొదలిడిరో తెలియదు. పేరు మాత్రము ఏడుకొండలవానిది. మా యింటికి అట్టి కార్డులు వచ్చుట నా చిన్ననాట చూచితిని. మా అవ్వ చదువురానిది. కార్డు చదివించుకొని, “కొండమీది దేవునికి కార్డుముక్కతో పని యేమిరా?” అని పొయ్యిలో వేసెను. మా యింటి యెదుటివారు మాత్రము రెండు రాత్రులు దీపము పెట్టుకొని పదునొక్క కార్డులు వ్రాసిరి.

ఈ గొలుసులోని లెక్క చూడుడు. ఒకడు 11 మందికి వ్రాయును. వారందఱును వ్రాసినచో రెండవ వరుసలో 121. మూడవ వరుసలో 1,331. ఆఱవ వరుసకు వచ్చునప్పటికి 17,71,561 కార్డులు. కార్డు వెల ఒక్క కానీయే యనుకొన్నను, ఆ ఆఱవ వరుసకే 27,680 రూపాయలకు పైగా వ్యయమగును. మొదట వ్రాసినవాడు పెట్టినది 11 కానీలు. తక్కినదంతయు భయపడినవారి చేతి డబ్బు. పంపువానికి చౌక, పుచ్చుకొనువానికి బరువు: అక్కఱలేని జాబునకు ఇదియే లక్షణము.

రెండవ జాతి తాలు ‘ఆకాశరామన్న’ ఉత్తరము. వ్రాసినవాని పేరుండదు, ఊరుండదు. కరణము మీదనో, పంతులు మీదనో, పొరుగువాని మీదనో నేరము మోపియుండును. కచ్చేరులకు ఇవి మెండుగా వచ్చెడివి. తెలిసిన శిరస్తదారు మొదట చూచునది లోపలి సంగతి గాదు, కవరుమీది తపాలా ముద్ర. చంద్రగిరినుండి వ్రాయుచుంటినని చెప్పు జాబుమీద పుంగనూరు ముద్ర యున్నచో, వ్రాతగాని మొదటి అబద్ధ మక్కడనే దొరకును. చాలకాలమునకు, 1999 జూన్ 29 న, కేంద్ర విజిలెన్సు కమిషను వారు పేరులేని ఫిర్యాదులపైన, దొంగపేర్లతో వచ్చు ఫిర్యాదులపైన చర్య తీసికొనరాదని ఉత్తరువు చేసిరి. పేరు చెప్పుటకు భయపడు సత్యవాదియు ఒకడుండవచ్చునన్న వాదము లేకపోలేదు. అయినను, పేరు చాటున నిలిచి రాళ్లు రువ్వువారి సంఖ్య మిక్కిలి పెరిగినందుననే ఆ కట్టుబాటు వచ్చినది.

ఇట్టి జాబులన్నియు వచ్చిపడు కచ్చేరి తన తపాలు పెట్టెను ఎట్లు సర్దుకొనెను? చిత్తూరు 1911 ఏప్రిల్ 1 న ప్రత్యేక జిల్లా యయ్యెను. మదరాసు రాజధాని జిల్లా కచ్చేరులలో టాటన్‌హాం అను ఐ.సి.ఎస్. అధికారి పేర ప్రసిద్ధమైన కాగితముల పద్ధతి యొకటి నెలకొనెను. దాని మర్మము సులభమే. తపాలు విప్పినంతనే ప్రతి కాగితమునకును తేది ముద్ర వేసి, అంకె వేసి, ఏ గుమాస్తాకు చేరవలయునో గుర్తించి, అతని పర్సనల్ రిజిస్టరులో నెక్కింతురు. పని ముగిసిన తరువాత ఆ కాగితమున కొక ఆయువు నిర్ణయింతురు. శాశ్వతముగా నుంచవలసినది ఆర్.డిస్.; పదేండ్లుంచవలసినది డి.డిస్.; మూడేండ్లది కె.డిస్.; ఒక్క ఏడాదిది ఎల్.డిస్. రెవెన్యూ కచ్చేరిలో మెలగినవారికి ఈ మాటలు నేటికిని పరిచితములు.

ఇందు గమనింపదగిన ధర్మము గలదు. విలువ తక్కువ కాగితమునకు సైతము ఒక ఏడాది ఆయువుండెను. తాలనుకొన్నదానిని కూడ అంకె వేసి, కట్టగట్టి, కొంతకాలము చూచి, ఆ మీదటనే పాఱవేయుచుండిరి. తీర్పు తప్పినచో దిద్దుకొనుటకు వ్యవధి యుండవలయునన్న తలపు అందున్నది. ఆ గుమాస్తా పని నిదానము. ఆలస్యమునకు మనము విసిగికొన్న మాట నిజమే. అయినను జాబు పోయినదెచ్చట నని అడిగిన, రిజిస్టరు విప్పి చూపుటకు ఒక మనుష్యుడుండెను.

ఇక తీగెల కాలమునకు వత్తము. 1864 లో లండనునందలి యొక దంతవైద్యుల సంస్థ తమ వైద్యశాల వేళలను ప్రకటించుచు పార్లమెంటు సభ్యులు మొదలగువారికి టెలిగ్రాములు పంపెను. చావుబ్రతుకుల వార్త యేమోనని బెదరి విప్పినచో పండ్ల వైద్యుని ప్రకటన! ఒకాయన కోపించి టైమ్సు పత్రికకు వ్రాసెను. అక్కఱలేని తంతి జాబుపై పుట్టిన తొలి మొఱలలో అది యొకటి.

1971 లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి వేఱొక కంప్యూటరులోని మనిషికి జాబు పంపు విధమును కల్పించెను. అదియే ఈమెయిలు. ఏడేండ్లు గడువకమునుపే, 1978 మే 3 న, డిజిటల్ ఈక్విప్‌మెంట్ అను కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి గేరీ థర్క్ తమ క్రొత్త యంత్రములను చూడ రండని దాదాపు 400 మందికి ఒక్కసారి జాబు పంపెను. కొందఱు తిట్టిరి, కొందఱు కొనిరి. కొనువారున్నంత కాలము తాలు ఆగదని నాడే తేలెను. 1994 ఏప్రిల్ 12 న, అరిజోనాలోని యిద్దఱు న్యాయవాదులు, భార్యాభర్తలు, అమెరికా నివాసానుమతుల లాటరీ ప్రకటనను వేలకొలది చర్చాగోష్ఠులలోనికి ఒక్కమాఱుగా గుమ్మరించిరి. మఱుసటి ఏడు 1995 ఆగస్టు 15 న మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు తలుపు తెఱువబడెను; మంచి చెడులు రెండును కూడ లోనికి వచ్చెను.

ఇట్టి జాబులకు లోకము పెట్టిన పేరు ‘స్పామ్’. 1937 లో అమెరికాలో వెలసిన డబ్బా మాంసము పేరది. 1970 లో ఇంగ్లండు టెలివిజనులో నొక హాస్యనాటిక వచ్చెను. అందులో భోజనశాలకు పోయినవాడు ఏ వంటక మడిగినను ‘స్పామ్’ లేనిది దొరకదు. ప్రక్కనున్నవారు ఆ మాటనే పాటగా పాడి తక్కిన మాటలు వినబడనీయరు. అక్కఱయైన మాటను అక్కఱలేని రొద ముంచివేయుట! పేరు తగినదే.

ఇటీవలి యేండ్లలో లోకమున తిరుగు ఈమెయిళ్లలో సుమారు సగము ఇట్టివే యని వడపోత సంస్థల లెక్క. కారణము మరల వెలయే. గొలుసు జాబునకు కార్డున కొక కానీయైనను కావలసియుండెను. ఈమెయిలు ఒకటి పంపినను, పది లక్షలు పంపినను పంపువానికి వ్యయములో భేదము స్వల్పము. చదువుటకు కాలము, దాచుటకు చోటు, మోసపోయినచో డబ్బు: ఈ మూడును పుచ్చుకొనువాని నెత్తిన పడును. అనగా 1854 లో వెనుకకు నెట్టిన బేరంగు ఉత్తరము క్రొత్త వేషముతో తిరిగివచ్చినది. నాడు త్రిప్పి పంపు హక్కు మన చేతిలో నుండెను. నేడు ఆ హక్కును ఒక యంత్రమున కప్పగించితిమి.

ఆ యంత్రపు జల్లెడ పనిచేయు తీరు రెండు విధములు. మొదటిది జాబులోని మాటలను తూచుట. ఇంగ్లండులో థామస్ బేయిస్ అను క్రైస్తవ మతాచార్యుడు 1761 లో మరణించెను. ఆయన వ్రాసియుంచిన యొక గణిత వ్యాసము మిత్రుని పూనికతో 1763 లో వెలువడెను. కనబడిన సాక్ష్యమునుబట్టి మన నమ్మకమును ఎంత హెచ్చింపవలయునో, ఎంత తగ్గింపవలయునో అందు లెక్క యున్నది. వానకాఱు చూచి రైతు వర్షమును అంచనా వేయునట్టిదే. మబ్బొక్కటి చాలదు, గాలి, ఉక్క, చీమల బారు అన్నియు కలిసినపుడు నమ్మకము బలపడును. 1998 లో కొందఱు పరిశోధకులును, 2002 ఆగస్టులో పాల్ గ్రాహం అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడును ఈ లెక్కను జాబుల వడపోతకు ప్రయోగించి చూపిరి. ‘లాటరీ’, ‘ఉచితము’, ‘వెంటనే’ యను మాటలు తాలు జాబులలో ఎన్ని మాఱులు వచ్చెను, మంచి జాబులలో ఎన్ని మాఱులు వచ్చెనని యంత్రము లెక్కించుకొని, క్రొత్త జాబు వచ్చినపుడు అన్ని మాటల సాక్ష్యమును కలిపి తీర్పు చెప్పును. గ్రాహం ఇందొక జాగ్రత్త తీసికొనెను. మంచి జాబులలో కనబడిన మాటల లెక్కను రెండింతలు చేసెను. తాలు కొంత లోపలికి వచ్చినను సరియే గాని గింజ బయటికి పోరాదన్నది ఆయన యుద్దేశము. గాలి హెచ్చినపుడు చేట దించు రైతు బుద్ధి యదియే.

రెండవ విధము పంపినవాడెవ్వడో విచారించుట. శిరస్తదారు తపాలా ముద్ర చూచుట వంటిది. మా పేర జాబు పంపుటకు అధికారముగల యంత్రములు ఇవియే యని ప్రతి సంస్థయు బహిరంగముగా జాబితా పెట్టవచ్చును. జాబుతోడ లక్కముద్ర వంటి రహస్యపు గుర్తును జతపఱుపవచ్చును. ముద్ర సరిపడనిచో జాబును ఏమి చేయవలయునో కూడ ముందుగా ప్రకటింపవచ్చును. 2006 మొదలు 2012 వఱకు ఈ మూడు కట్టుబాట్లును ఒకదాని వెనుక నొకటి వెలువడెను. కొండమీది దేవుని పేర ఎవడుబడితే వాడు కార్డు వ్రాయగలిగిన కాలములో ఇట్టి యేర్పాటు లేకపోయెను.

దేవుని పేరెత్తితిని గనుక తిరుపతి సంగతియే చెప్పెదను. 2023 లో తిరుమల తిరుపతి దేవస్థానముల వారి అసలు వెబ్‌సైటు చిరునామా ‘తిరుపతిబాలాజీ’, చుక్క, ‘ఏపీ’, చుక్క, ‘గవ్’, చుక్క, ‘ఇన్’ అని యుండెను. ఆ యేడు ఏప్రిల్ నెలలో బయటపడిన దొంగ సైటు ‘తిరుపతిబాలాజీ’, గీత, ‘ఏపీ’, గీత, ‘గవ్’, చుక్క, ‘ఆర్గ్’ అను పేరు పెట్టుకొనెను. చుక్కకు మాఱుగా గీత! దేవస్థానము వారి ఫిర్యాదుపై తిరుమల పోలీసులు కేసు పెట్టిరి. అప్పటికి 40 దొంగ సైట్లపై కేసులుండగా ఇది 41వది. తరువాత 2024 జనవరిలో అసలు చిరునామాయే ‘టిటిదేవస్థానమ్స్, ఏపీ, గవ్, ఇన్’ అని మాఱెను. ఈ నాలుగు ముక్కల నడుమను చుక్కలే.

ఈ చుక్కకును గీతకును గల భేదము పెద్దలు తప్పక తెలిసికొనదగినది. చిరునామాను చివరనుండి చదువవలయును. మన ఉత్తరమున ఊరు, తాలూకా, జిల్లా యని వరుసగా వ్రాయుదుము గదా. చుక్క అట్టి మెట్టు. చివర ‘గవ్, చుక్క, ఇన్’ అని యున్నచో అది సర్కారు వారి హద్దులోనిది. గీత మెట్టు గాదు, పేరులోని యొక యక్షరము వంటిది మాత్రమే. తిరుపతి యను పేరుగల మనుష్యుడు తిరుపతి పట్టణము కాజాలడు. దర్శనమని, గదులని, ప్రసాదమని ఈమెయిలులోనో ఫోనులోనో వచ్చు గొలుసు పట్టి పోవుటకు ముందు ఈ చివరి ముక్క చదివినచో చాలవఱకు మోసము అక్కడనే ఆగును.

చట్టము మాట కొంచెము. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున 2008 లో చేర్చిన 66ఏ అను విభాగములో విసిగించు, మోసగించు ఈమెయిళ్ల ప్రస్తావన యుండెను. కాని దాని మాటలు మిక్కిలి విశాలములై వాక్స్వాతంత్ర్యమునకు భంగకరములని సుప్రీంకోర్టు 2015 మార్చి 24 న దానిని కొట్టివేసెను. వేఱొకని వేషముతో కంప్యూటరు ద్వారా మోసగించుట 66డి ప్రకారము నేటికిని శిక్షార్హమే. డబ్బు పోయినచో 1930 అను ఫోను నంబరునకు వెంటనే చెప్పవలయును. అంతకుమించి, అక్కఱలేని ఈమెయిలునే ఉద్దేశించి చేసిన ప్రత్యేక శాసనము మన దేశమున లేదు. కావున భారము జల్లెడ మీదను, జల్లెడ చూచుకొను మనుష్యుని మీదను ఉన్నది.

ఆ మనుష్యుడు కన్ను మరల్చినచో ఏమగునో నేనెఱుగుదును. నేను కొంతకాలము మెలగిన యొక కార్యాలయమున పదవి విరమించిన అటెండరొకడు తనకు రావలసిన బాకీని గూర్చి మనుమని చేత ఈమెయిలు వ్రాయించెను. అందులో ‘డబ్బు’, ‘బ్యాంకు ఖాతా’, ‘దయతో వెంటనే’ యను మాటలున్నవి. పంపినది క్రొత్త చిరునామా. యంత్రము దానిని స్పామ్ గుట్టలో వేసెను. ఆ గుట్టను విప్పి చూచు అలవాటు అచ్చట నెవ్వరికిని లేదు. ముప్పది దినములు గడచినంతనే యంత్రము దానిని తనంతట తుడిచివేసెను. ఆ ముసలివాడు పలమనేరునుండి మూడుమాఱులు బస్సెక్కి వచ్చి, “జాబు పంపితిమి గదా స్వామీ” యనెను. రాలేదని వీరనిరి. ఇరువురును అబద్ధమాడలేదు. పాతకాలపు ఎల్.డిస్. కట్టలో నున్నచో ఆ కాగితము ఏడాదిపాటు దొరికియుండెడిది.

కావున ఈ చరిత్రమునుండి నేను గ్రహించినది చెప్పి ముగించెదను. కార్యాలయమున స్పామ్ గుట్టను వారమునకు రెండుమాఱులైనను ఒక మనుష్యుడు విప్పి చూడవలయును. ఆ పని యెవరిదో పేరుపెట్టి నిర్ణయింపవలయును. మంచి జాబు అందులో దొరికినపుడు ఇది తాలు గాదని యంత్రమునకు తెలుపవలయును. చెప్పినకొలది అది నేర్చుకొనును. తాలు జాబునకు బదులు వ్రాయరాదు, అందలి గొలుసు నొక్కరాదు. బదులిచ్చిన చిరునామా బ్రతికియున్నదని పంపినవానికి తెలియును. ఇక అర్జీ పంపు మనము, విషయము వ్రాయు వరుసలోనే మన పేరు, ఊరు, పని స్పష్టముగా పెట్టవలయును; పంపిన తేది వ్రాసియుంచుకొనవలయును; వారము దాటినను బదులు రానిచో రసీదు నంబరు అడుగవలయును; “స్పామ్‌లో చూచితిరా?” అని మర్యాదగా నడుగుటకు జంకరాదు.

తాలు మెండైనదని వగచుట కంటె, గింజ పోయినదేమోనని తాలుకుప్పను ఒక్కసారి చేతితో తడవి చూచుట మేలు. కళ్లమున మన ఆడవారు తాలుకుప్ప చెంత కూర్చుండి మిగిలిన గింజలను ఏరుట మీరందఱు చూచినదే. ఆ పని చేయువారు ప్రతి కార్యాలయమునను ఒకరుండవలయును.